ఒక అక్షరం తక్కువ నిప్పుకోడి

ముయేని సంచి సర్దుతున్నప్పుడు ఆ ఇంట్లో ఎవరూ అడ్డు రాకూడదు. చొక్కాలు మడతపెట్టి లోపల పెడుతుంది. బయటికి తీసి దులిపి, ఇంకో రకంగా మడతపెడుతుంది. సంచి నిండిందనుకున్నాక అందులోంచి ఒక వస్తువు తీసేసి, ఆ చోట రెండు కుక్కుతుంది.

"అమ్మా, నేను వెళ్తున్నది మారా అడవికి. చంద్రమండలానికి కాదు," అన్నాడు కియోకో గుమ్మానికి ఆనుకుని.

"అక్కడ పొద్దున్నే చలేస్తుంది."

"స్వెట్టర్ పెట్టావుగా."

"అది తడిస్తే?"

అందుకని రెండో స్వెట్టర్ కూడా వెళ్ళింది. అదీ తడిస్తే ఎలా అన్న దిగులు ఆవిడ మొహంలో అప్పటికే తయారుగా ఉంది. కియోకో చూడనట్టు తల తిప్పుకున్నాడు.

మచాకోస్ ఊళ్ళో బస్టాండు వెనక సందులో ముయేని బట్టలు కుడుతుంది. కొడుకు ఫొటోలు తీస్తాడు. ఇన్నాళ్ళూ పెళ్ళిళ్ళు తీశాడు. ఇప్పుడు నైరోబీలో ఒక టీపొడి కంపెనీ వాళ్ళు కొత్త సంవత్సరం క్యాలెండర్ కోసం మారాలో జంతువుల్నీ పక్షుల్నీ తీసుకురమ్మన్నారు. అట్ట మీద మాత్రం చిరుతపులి ఉండాలన్నారు. చిరుత దొరికితే వచ్చే ఏడంతా వాళ్ళ పనే. దొరక్కపోతే మళ్ళీ పెళ్ళిళ్ళు, మళ్ళీ పెళ్ళికూతురి మేనత్తల్ని వరసలో నిలబెట్టడం.

పొడుగు లెన్స్ కదలకుండా ఉండాలంటే దాని కింద మెత్తటి సంచి ఒకటి పెట్టుకోవాలి. కోడిపుంజుల బొమ్మలున్న గుడ్డ మిగిలితే ముయేనే దాన్ని కుట్టింది. నిండా ఎర్ర చిక్కుడు గింజలు పోసి మూతి కుట్టేసింది.

"దారిలో బండి ఆగిపోతే ఉడకేసుకుని తినొచ్చు," అంది.

"అది లెన్స్ కింద పెట్టుకోడానికమ్మా, తినడానికి కాదు."

"లెన్స్ తినదు. నువ్వు తింటావు."

ఆ ఇంట్లో బయటికి వెళ్ళేవాళ్ళు 'వెళ్ళొస్తా' అనరు. కియోకో చిన్నప్పుడు వాళ్ళ నాన్న ఆ మాట నవ్వుతూ చెప్పి మొంబాసా లారీ ఎక్కాడు. అప్పట్నుంచీ ముయేనికి ఆ మాట పడదు. పక్కింటావిడ ఉప్పు తీసుకుని వెళ్ళొస్తానన్నా ఈవిడ కుట్టుమిషను చప్పుడు పెంచేస్తుంది.

"బయల్దేరుతున్నా," అన్నాడు కియోకో.

"ఊఁ. పో," అంది. అని, సందు మలుపు దాకా వెనకే వచ్చింది.

*

వ్యాను మారా గేటు దగ్గర దింపేసి వెళ్ళిపోయింది. క్యాంపు నుంచి జీపు వస్తుందన్నారు. ఇంకా రాలేదు. గేటు బయట పసుపుపచ్చటి గడ్డి, దూరంగా గొడుగుల్లాంటి తుమ్మచెట్లు, ఒక తుమ్మచెట్టుకి వేలాడుతూ గిజిగాళ్ళ గూళ్ళు. వాటికి కాస్త ఇవతల, నల్లటి రెక్కలతో, గులాబీరంగు మెడతో ఒక నిప్పుకోడి.

పెళ్ళికొడుకులా నిలబడింది. కియోకోకి చెయ్యి ఆగలేదు. రెండు ఫొటోలు తీశాడు. కాస్త ముందుకెళ్ళాడు. ఇంకాస్త వెళ్ళాడు. నిప్పుకోడి రెక్కలు విప్పింది. ఎంత బాగా నిలబడిందో అనుకున్నాడు. అది నిలబడలేదు, బయల్దేరింది.

తర్వాత జరిగింది అతనికి ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. పరుగు. వెనక దబదబమనే అడుగులు. ఎదురుగా దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగిన జీపు. ఆ జీపు పైకప్పు మీద తను, కెమెరాని చంటిపిల్లలా పొట్టకి హత్తుకుని.

కిటికీలోంచి ఆడగొంతు వినిపించింది.

"టీపొడి క్యాలెండర్ మీరేనా?"

"అది వెళ్ళిందా?"

"వెళ్ళింది. అదుగో, మేస్తోంది. మిమ్మల్ని మర్చిపోయింది కూడా. దిగండి, పైకప్పు మొన్ననే బాగు చేయించాం."

దిగాడు. ఖాకీ చొక్కా, మణికట్టు నిండా పూసల కడియాలు, భుజం మీద ఎర్రగళ్ళ దుప్పటి, నవ్వకుండా ఉండటానికి చాలా కష్టపడుతున్న మొహం. ఆమె పేరు సనైపే. ఈ క్యాంపులో బండి నడుపుతూ అడవి చూపించే ఆడపిల్ల ఆమె ఒక్కతే.

"అది తరిమితే పరిగెత్తకూడదు. బోర్లా పడుకోవాలి. కింద పడుకున్నవాణ్ణి అది సరిగ్గా తన్నలేదు."

"పడుకుంటే ఏం చేస్తుంది మరి?"

"మీద కూర్చుంటుంది."

"కూర్చుని?"

"ఏదో ఆలోచించుకుంటుంది. విసుగుపుట్టాక లేచిపోతుంది."

"మీరెప్పుడైనా పడుకున్నారా?"

"నేనెందుకు పడుకుంటాను? దాని గుడ్ల దగ్గరికి నేను వెళ్ళను."

అప్పుడామె రేడియో అందుకుని వాళ్ళ మాసాయి భాషలో ఏదో చెప్పింది. అందులో ఒక్క మాట అతని చెవిన పడింది. ఎసిదాయ్. అవతల నుంచి నలుగురైదుగురు డ్రైవర్ల నవ్వు గరగరలాడుతూ వచ్చింది.

"ఏమంటున్నారు?" అన్నాడు కియోకో.

"దారి పొడిగా ఉందంటున్నారు," అంది సనైపే.

*

మారాలో డ్రైవర్లందరూ రేడియోలో మాసాయిలోనే మాట్లాడుకుంటారు. సింబా అంటే సింహమని ఇప్పుడు ప్రపంచంలో చంటిపిల్లలకి కూడా తెలుసు. స్వాహిలిలో చెప్తే బళ్ళలో కూర్చున్న జనం ముందే లేచి నిలబడి అరుస్తారు, సింహం లేచి వెళ్ళిపోతుంది. కియోకోకి సొంత భాష కాంబా వచ్చు, స్వాహిలి వచ్చు, ఇంగ్లీషు వచ్చు. మాసాయి ఒక్క ముక్క రాదు. అందుకని రేడియో మోగినప్పుడల్లా ఆమె మొహం చూసేవాడు. చూడటానికి అదొక సాకు అనుకోండి.

"మీరు ముందుకి చూడాలి. చిరుత అటు ఉంటుంది," అనేది ఆమె.

"మీ వాళ్ళు దాని గురించేనా మాట్లాడేది?"

"ఆవుల గురించి."

"ఎప్పుడు చూసినా ఆవులేనా?"

"మీ కాంబా వాళ్ళ ముత్తాతలు మా ఆవుల్ని ఎత్తుకెళ్ళారు. ఇంకా తేలలేదు ఆ లెక్క."

"అవి ముందు మా ఆవులే."

సనైపే బండి ఆపేసింది. నిజంగా ఆపేసి, అతనివైపు తిరిగి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. "భూమ్మీద ఆవులన్నీ దేవుడు మాకే ఇచ్చాడు. మీ దగ్గరున్నవి కూడా మావే. మేపుతున్నందుకు మిమ్మల్ని ఏమీ అనడం లేదు."

"చాలా సంతోషం."

"పర్లేదు."

అలా రెండు రోజులు తిరిగారు. చారల గుర్రాల్ని తీశాడు. ఊదారంగు రొమ్మున్న పాలపిట్ట మిడతని ఎగరేసి పట్టుకుంటుంటే తీశాడు. కోడిపుంజుల సంచిని కిటికీ మీద పరిచి, దాని మీద లెన్స్ వాల్చి, ఊపిరి బిగబట్టి తీశాడు. చిరుత మాత్రం కనబడలేదు. దాని పంజా గుర్తులు కనిపించేవి, కొమ్మ మీద అది తిని వదిలేసిన జింక కాలు కనిపించేది. అది మాత్రం అప్పుడే ఎక్కడికో వెళ్ళుండేది.

రేడియోలో ఆ మాట వినిపిస్తూనే ఉంది. సనైపే చెప్పేది, ఎసిదాయ్ ఇలా, ఎసిదాయ్ అలా. అవతల నుంచి ఇంకో బండి నడిపే వాళ్ళ బాబాయి సంకాలె గొంతు ఏదో అడిగేది, అందులోనూ ఎసిదాయ్. చెప్తున్నప్పుడల్లా ఆమె కంటిచివర అతనివైపు వచ్చి వెళ్ళేది.

నా గురించే, అనుకున్నాడు కియోకో. అనుకున్నాక మనిషి ఊరుకుంటాడా?

క్యాంపు వంటవాడు ముసెంబీ కూడా కాంబావాడే, కియోకోని చూసి సొంత తమ్ముడొచ్చినట్టు పొంగిపోయాడు. పెద్ద గరిటెతో మొక్కజొన్న, చిక్కుళ్ళు వడ్డిస్తుంటే కియోకో మెల్లిగా అడిగాడు.

"అన్నా, నీకు మాసాయి వచ్చా?"

"ఇక్కడికొచ్చి ఎన్నేళ్ళయింది రా? మాసాయి కలలు కూడా వస్తాయి నాకు."

"ఎసిదాయ్ అంటే?"

ముసెంబీ గరిటె ఆపాడు. "సిదాయ్ అంటే బాగుండటం. అందం. మంచి. కూర బాగుంటే సిదాయ్ అంటారు నన్ను."

"నిన్నా, కూరనా?"

"ఇద్దర్నీ. ఎవరన్నారు నిన్ను?"

కియోకో చెవులు వేడెక్కాయి. "మరి ముందు ఆ 'ఎ' ఏంటి?"

ముసెంబీకి తెలియదు. తెలియదని చెప్పే అలవాటూ లేదు. "మర్యాద కోసం పెడతారు. మనం చివర గారు తగిలించినట్టు, వాళ్ళు మొదట తగిలిస్తారు," అన్నాడు.

అందగాడుగారు. కియోకో ఆ పూట రెండోసారి పెట్టించుకున్నాడు.

*

మర్నాడు పొద్దున్నే తల నున్నగా దువ్వుకుని, అమ్మ ఇస్త్రీ చేసి పంపిన నీలం చొక్కా వేసుకుని వచ్చాడు. సనైపే ఒకసారి పైనుంచి కిందికి చూసింది.

"ఎవరిది పెళ్ళి?"

"చిరుత కోసం."

"చిరుత కళ్ళకి నీలం బాగా కనిపిస్తుంది. అది మిమ్మల్ని ముందు చూసి పారిపోతుంది," అంది. అంది గానీ, బండి నడుపుతూ అద్దంలోంచి ఇంకోసారి చూసింది. అది కూడా కియోకో లెక్కలోకి వెళ్ళిపోయింది.

నది ఒడ్డున అత్తిచెట్ల గుబురు దగ్గర రేడియో మోగింది. సంకాలె. ఈసారి గొంతు తగ్గించి, గబగబా చెప్పాడు. సనైపే వెన్ను నిటారుగా అయింది.

"చిరుత. మలుపు అవతల, అత్తిచెట్టు మీద. చుట్టుపక్కల బళ్ళన్నీ నోరు మూసుకుని నిలబడ్డాయి. మనకోసం చోటు ఉంచారు," అంది. రేడియోలో జవాబు చెప్పింది. అందులో ఎసిదాయ్ ఉంది.

ఆ క్షణంలో కియోకో ఏం చేశాడో అతనికే తెలియలేదు. చిరుత దొరికిందన్న సంతోషం, నీలం చొక్కా, అద్దంలోంచి వచ్చిన చూపు, అన్నీ కలిసి అతని చెయ్యి చాచాయి. రేడియో అందుకున్నాడు. మీట నొక్కి, చక్కటి స్వాహిలిలో అన్నాడు.

"అందరికీ నమస్కారం. ఎసిదాయ్ మాట్లాడుతున్నాను. మీ అభిమానానికి చాలా సంతోషం. కానీ నిజం చెప్పాలంటే ఈ లోయలో అసలైన ఎసిదాయ్ సనైపే. ఆవిడ ముందు నేనెంత?"

రేడియో నిశ్శబ్దమైంది.

తర్వాత మలుపు అవతల నుంచి, రేడియోతో పని లేకుండానే, బళ్ళన్నీ ఒక్కసారి పగలబడి నవ్వడం వినిపించింది. ఎవరో నవ్వాపుకోలేక తల హారన్ మీద వాల్చేశారు. ఆ హారన్ మోగుతూనే ఉంది. అత్తిచెట్టు కొమ్మల్లో బంగారురంగు మెరుపొకటి నేల మీదికి జారి, గడ్డిలోకి వెళ్ళి, మాయమైంది.

సనైపే బండి ఆపింది. స్టీరింగ్ మీద నుదురు ఆనించుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమో అనుకుని కియోకో కంగారుపడ్డాడు.

"ఏమైంది? నేను తప్పేమన్నాను?"

"ఎసిదాయ్ అంటే ఏంటని ఎవరు చెప్పారు మీకు?"

"అందమని... మంచివాళ్ళని. ముసెంబీ చెప్పాడు."

ఆమె తలెత్తింది. కళ్ళ నిండా నీళ్ళు, నవ్వి నవ్వి వచ్చినవి. "అది సిదాయ్. ముందు 'ఎ' ఉంటే వేరే మాట."

"ఏం మాట?"

"నిప్పుకోడి."

కియోకోకి మొదట అర్థం కాలేదు. తర్వాత మొత్తం అర్థమైంది. గేటు, పరుగు, పైకప్పు. రేడియోలో ఇన్ని రోజుల నవ్వు. ఇప్పుడు తను లోయలోని బళ్ళన్నిటికీ, నేను నిప్పుకోడిని, ఈవిడ నాకంటే పెద్ద నిప్పుకోడి అని చెప్పాడన్నమాట.

"పేరు పెట్టింది మీరేనా?"

"నేనే."

"బాగుంది," అన్నాడు. అని, సంచిని ఒళ్ళో పెట్టుకుని, కిటికీ బయటికి తిరిగి కూర్చున్నాడు.

*

మధ్యాహ్నానికి వాన పట్టుకుంది. మారా వాన దూరం నుంచి బూడిదరంగు గోడలా నడుచుకుంటూ వస్తుంది. బండి బురదలో దిగబడకుండా సనైపే ఒక గుట్ట మీద ఆపింది. అద్దాలు ఎక్కించేశాక లోపల వాళ్ళిద్దరూ, వాన చప్పుడూ, ఇస్త్రీ నలిగిపోయిన నీలం చొక్కా మిగిలాయి.

ఆమె ఫ్లాస్కులోంచి టీ వంచి ఇచ్చింది. అతను తీసుకున్నాడు. కిటికీ వైపు తిరిగి తాగాడు.

"ఇంకా కోపమేనా?"

"నిప్పుకోళ్ళకి కోపాలేంటి?"

"చిరుతని పోగొట్టింది మా వాళ్ళ నవ్వు. దానికి మాత్రం తప్పు మాదే. రేపు పొద్దున్న మళ్ళీ వెతుకుదాం. మీ వ్యాను మధ్యాహ్నానికి కదా."

"దొరక్కపోతే పెళ్ళిళ్ళు ఉన్నాయి లెండి."

ఆమె మొదటిసారి నవ్వకుండా అతన్ని చూసింది. "ఒకటి అడగనా? ఇక్కడికొచ్చిన వాళ్ళందరూ రెండో రోజుకే అంటారు, మళ్ళీ వస్తామని. వచ్చే ఏడు వస్తాం, పిల్లల్ని తీసుకొస్తాం, నీకు కానుకలు తెస్తాం అంటారు. చిన్నప్పుడు నేను నమ్మేదాన్ని. బాబాయితో వచ్చి గేటు దగ్గర కూర్చునేదాన్ని, ఎవరెవరు వస్తారా అని. మీరొక్కసారి కూడా అనలేదు. ఎందుకు?"

కియోకో టీలోకి చూశాడు. వాన కాస్త గట్టిగా కొట్టింది.

"మా ఇంట్లో ఆ మాట అనం. మా నాన్న అని వెళ్ళాడు."

ఆమె ఇంకేమీ అడగలేదు. అడగనందుకు అతనికి ఆమె మీద కోపం సగం పోయింది. మిగతా సగం, ఆమె తన ఎర్రగళ్ళ దుప్పటి తీసి అతని భుజాల మీద వేసినప్పుడు పోయింది.

"రెండు స్వెట్టర్లు ఉన్నాయి నా దగ్గర," అన్నాడు.

"ఎక్కడ?"

"క్యాంపులో."

"చాలా ఉపయోగం," అంది సనైపే.

*

మర్నాడు పొద్దున చీకటితోనే బయల్దేరారు. అత్తిచెట్ల గుబురంతా గాలించారు. నది వెంట పైకీ కిందికీ తిరిగారు. చిరుత లేదు. రేడియోలో సంకాలె, మిగతా డ్రైవర్లు నిన్నటి పాపానికి పరిహారంలా తలా ఒక వైపు వెతికారు. ఎవరికీ కనబడలేదు. ఎవరూ నవ్వలేదు కూడా.

"పదండి. వ్యాను వచ్చే వేళయింది," అన్నాడు కియోకో. తన దిగులంతా చిరుత గురించే అన్నట్టు అన్నాడు.

గేటు కనుచూపులోకి వచ్చేసరికి మళ్ళీ చినుకులు మొదలయ్యాయి. సనైపే బండి నెమ్మది చేసి, ఇంజను ఆపేసింది. గిజిగాళ్ళ తుమ్మచెట్టు ఇవతల, గడ్డిలో, ఆ నల్ల నిప్పుకోడి కూర్చుని ఉంది. మెడ నిటారుగా ఉంది. రెక్కలు రెండూ గుడారంలా పరిచింది. ఆ గుడారం కింద నుంచి చిన్న తల ఒకటి బయటికొచ్చి, చినుకు తగిలి, లోపలికి పోయింది. ఇంకో వైపు ఇంకో తల.

"పిల్లలు," అంది సనైపే గుసగుసగా. "మీరొచ్చిన రోజున ఇంకా గుడ్లు."

కియోకో గింజల సంచిని కిటికీ మీద పరిచాడు. లెన్స్ వాల్చాడు. వాన నిప్పుకోడి వీపు మీద నుంచి ధారలుగా జారుతోంది. అది కదలడం లేదు. వరసగా ఎన్ని తీశాడో తెలియదు. చివరికి చెయ్యి ఆపి ఊరికే చూశాడు.

"తల్లేది?" అన్నాడు.

"అదుగో, అటు మేస్తోంది. అది పగలు పొదుగుతుంది, రాత్రంతా మగదే. నల్లటి ఒళ్ళు కదా, చీకట్లో కనబడదు. సింహాలొచ్చినా గుడ్లు వదిలి పోదు. మొన్న మిమ్మల్ని తరిమింది కూడా అందుకే." ఆమె స్టీరింగ్ మీద వేలితో ఏదో గీసింది. "ఆ పేరు మొదటి రోజు నవ్వుకోడానికి పెట్టాను. తర్వాత తర్వాత... నవ్వుకోడానికి కాదు."

బయట వ్యాను హారన్ కొట్టింది. కియోకో దిగాడు. బట్టల సంచి భుజానికి తగిలించుకున్నాడు. కెమెరా పెట్టె సర్దుకున్నాడు. చెప్పాల్సిన మాట గొంతు దాకా వచ్చి, అమ్మ కుట్టుమిషను చప్పుడు గుర్తొచ్చి, వెనక్కి వెళ్ళింది.

"బయల్దేరుతున్నా," అన్నాడు.

"ఊఁ," అంది సనైపే. ఆమె అతనివైపు చూడలేదు. రేడియో అందుకుని వాళ్ళ బాబాయికి మాసాయిలో ఏదో చెప్పింది. చిన్న మాట.

అవతల కాసేపు గరగర. తర్వాత సంకాలె, కియోకోకి కూడా అర్థమయ్యేలా, స్వాహిలిలో అడిగాడు. "సిదాయ్ వెళ్ళిపోతున్నాడన్నావు. ఎసిదాయ్ అనబోయావా, తల్లీ?"

"లేదు బాబాయ్," అంది ఆమె, అదే భాషలో. "సరిగ్గానే అన్నాను."

రేడియోలో ఎవరూ నవ్వలేదు. అంతమంది ఒకేసారి నవ్వకుండా ఉండటం వినబడుతుందని కియోకోకి ఆ రోజే తెలిసింది.

అతను వ్యాను మెట్టు దాకా వెళ్ళినవాడు వెనక్కి వచ్చాడు. కోడిపుంజుల సంచిని కిటికీలోంచి ఆమె ఒళ్ళో పెట్టాడు.

"ఇది మా అమ్మ కుట్టింది. లేకుండా ఇంటికెళ్తే నన్ను చంపేస్తుంది."

"మరి తీసుకెళ్ళు."

నువ్వు అంది. ఇద్దరికీ వినిపించింది.

"తీసుకెళ్ళను. దీనికోసం రావాలి కదా." పుట్టి బుద్ధెరిగాక ఎవరితోనూ అనని మాట, నాలుకకి అలవాటు లేక తడబడింది. "వెళ్ళొస్తాను, సనైపే."

ఆమె సంచిని రెండు చేతులతో పట్టుకుంది. "గేటు దగ్గర కూర్చోను. ముందే చెప్తున్నా. పెద్దదాన్నయ్యాను."

"కూర్చోకు. నాకు దారి తెలుసు."

"నిప్పుకోడి తరిమితే?"

"బోర్లా పడుకుంటా."

*

ముయేని సంచి విప్పడం కూడా సర్దడంలాంటిదే. ఒక్కొక్కటీ తీసి, వెలుతురులో చూసి, ఎక్కడెక్కడ తిరిగొచ్చిందో వాసన పట్టి మరీ పక్కన పెడుతుంది.

"రెండో స్వెట్టర్ తొడుక్కోలేదు."

"అవసరం రాలేదమ్మా."

"చిరుత దొరికిందా?"

"లేదు. నిప్పుకోడి దొరికింది. దారిలో నైరోబీలో దిగి కంపెనీవాళ్ళకి చూపించాను. మొహం చిట్లించారు. తర్వాత వాళ్ళ పెద్దాయన వచ్చి ఆ ఫొటో ముందు చాలాసేపు నిలబడి, అట్ట మీద ఇదే వేయమన్నాడు. ఆయనకి ముగ్గురు పిల్లలట."

ముయేనికి అట్ట సంగతి పట్టలేదు. ఆవిడ చెయ్యి సంచి అడుగున తడుముతోంది. "నా గింజల సంచి ఏది?"

"మారాలో ఉంది."

"మర్చిపోయావా?"

"లేదమ్మా."

ఆవిడ కొడుకు మొహం చూసింది. కుట్టుమిషను దగ్గరికి వెళ్ళి కూర్చుంది గానీ తొక్కలేదు.

"ఎవరి దగ్గర?"

చెప్పాడు. మాసాయి పిల్ల అనగానే ఆవిడ కనుబొమలు పైకెళ్ళాయి. బండి నడుపుతుందనేసరికి ఇంకా పైకెళ్ళాయి. వానలో దుప్పటి కప్పిందనేసరికి కిందికి దిగాయి.

"ఏం చెప్పి వచ్చావు ఆ పిల్లకి?"

కియోకో నేల చూశాడు. "వెళ్ళొస్తానని."

మిషను చప్పుడు కాలేదు. బస్టాండులో ఎవరో నైరోబీ, నైరోబీ అని అరుస్తున్నారు.

"అన్నాక వెళ్ళాలి," అంది ముయేని. "అని వెళ్ళకపోవడం నాకు తెలిసిన ఇంట్లో రెండోసారి జరక్కూడదు." లేచి, సంచిని మళ్ళీ దగ్గరికి లాక్కుని, అప్పుడే మడతపెట్టిన చొక్కాల్ని అందులో పెట్టడం మొదలుపెట్టింది. ఈసారి ఏదీ బయటికి తీయలేదు. గుమ్మం దాకా వచ్చి, కొడుకు కాలర్ సరిచేసి, ఎన్నో ఏళ్ళుగా నోటికి రానివ్వని మాట అంది.

"వెళ్ళిరా."

అతను వెళ్ళాడు, వచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు, ఆ తర్వాత సనైపేని తీసుకుని వచ్చాడు. ఆమె ముయేని వండిన మొక్కజొన్న, చిక్కుళ్ళు తిని సిదాయ్ అంది. ఆ మాట ముందు ఏమైనా ఉందా అని ముయేని అనుమానంగా అడిగింది. పెళ్ళిమాటలకి సంకాలె వచ్చాడు. కొత్త దుప్పటి కప్పుకుని, కర్ర పక్కన పెట్టుకుని, పెళ్ళికొడుకు తరఫువాళ్ళు ఎన్ని ఆవులు తోలుకొస్తారో చెప్పమన్నాడు. ముయేని చెప్పింది. ఆయన తలాడించాడు.

"కానుక కిందేమీ అనుకోకమ్మా. మీ ముత్తాతలు ఎత్తుకొచ్చినవే కదా, తిరిగి ఇస్తున్నారు," అన్నాడు.

ఇప్పుడు కియోకో మారా గేటు ఇవతల ఉంటాడు. సనైపే బండి నడుపుతుంది, అతను పక్కన కూర్చుని కోడిపుంజుల సంచి మీద లెన్స్ వాలుస్తాడు. సంచి మాసిపోయింది, గింజలు రెండుసార్లు మార్చారు. చిరుత కూడా దొరికింది, ఎవరూ అడగనప్పుడు. ప్రతి పండక్కీ ఇద్దరూ మచాకోస్ వస్తారు. తిరిగి వెళ్ళేటప్పుడు ఇద్దరూ గట్టిగా, సందంతా వినబడేలా, వెళ్ళొస్తామంటారు. ముయేని మిషను ఆపి వింటుంది.

కియోకో నాన్న మొంబాసా లారీ ఎక్కింది కొడుకు బడిలో చేరిన ఏడాది, ఏప్రిల్ వానల్లో, ఒక శనివారం పొద్దున. వెళ్ళొస్తానన్న ఆయన మాత్రం తిరిగి రాలేదు.